పోతే తెచ్చుకోగలిగేవి, పోతే రానివి

ఒక సంస్థలో నలభై మంది ప్రోగ్రామర్లు ఉన్నారనుకుందాం. వాళ్ళు రాసే కోడ్ అంతా ఒకచోట ఉండాలి. ఏ మార్పు ఎవరు చేశారో, ఎందుకు చేశారో తెలియాలి. బయటపడ్డ లోపాలకు ఒక జాబితా ఉండాలి, వాటి మీద చర్చ నడవాలి. ఇవన్నీ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను అద్దెకు తెచ్చుకోవచ్చు. తలకింత అని నెలనెలా కడితే అది ఎక్కడో, ఎవరి యంత్రాల మీదో నడుస్తుంది. వద్దనుకుంటే ఆ సాఫ్ట్‌వేర్‌నే దించుకుని సొంత యంత్రం మీద నడుపుకోవచ్చు. దీన్ని సెల్ఫ్ హోస్టింగ్ అంటారు. కోడ్ గడప దాటకూడదన్న నిబంధన ఉన్నవాళ్ళు, బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేని నెట్‌వర్క్‌లో పనిచేసేవాళ్ళు, తమ సమాచారం మీద అదుపు తమకే ఉండాలనుకునేవాళ్ళు ఈ దారి పడతారు.

ఈ అధ్యాయానికి గిట్‌ల్యాబ్‌ని ఉదాహరణగా తీసుకుందాం. 2011లో ఉక్రెయిన్‌కు చెందిన ద్మిత్రో జపరోజెత్స్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. దీని ఉచిత కూర్పును ఎవరైనా తమ యంత్రం మీద పెట్టుకోవచ్చు. డెబియన్ లినక్స్ సంఘం 2018లో తన పాత కోడ్ సర్వర్‌ను పక్కనపెట్టి, గిట్‌ల్యాబ్‌తో 'సల్సా' అనే కొత్త సర్వర్‌ను నిలబెట్టుకుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు కూడా అదే ఏడాది తన సొంత గిట్‌ల్యాబ్‌కు మారింది. గ్నోమ్ తెరలను తెలుగులో చూపించే అనువాద ఫైళ్ళు కూడా ఆ సర్వర్‌లోని ప్రాజెక్టుల్లోనే ఉంటాయి.

ఇన్‌స్టాల్ చేయడం కష్టమేమీ కాదు. ఉబుంటూ యంత్రం మీద నాలుగైదు ఆదేశాలు ఇస్తే, కాసేపటికి బ్రౌజర్‌లో లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది. పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి అప్పటికి అయింది చాలా తక్కువ. లాగిన్ పేజీ వెనక మూడు రకాల సరుకు ఉంది. ఒకటి పోతే మళ్ళీ దించుకోవచ్చు. ఇంకొకటి పోతే మళ్ళీ రాసుకోవచ్చు. మూడోది పోతే పోయినట్టే. సర్వర్ నడపడంలోని నేర్పు చాలావరకు ఈ మూడింటినీ కలిసిపోకుండా చూడటంలోనే ఉంది.

ఒక్క ప్యాకేజీ, అరడజను ప్రోగ్రాములు

బయటికి ఒక్కటిగా కనిపించే గిట్‌ల్యాబ్ లోపల చాలా ప్రోగ్రాములు కలిసి పనిచేస్తుంటాయి. బ్రౌజర్ పంపిన అభ్యర్థనను గుమ్మం దగ్గరే అందుకునేది ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్. అసలు అప్లికేషన్ రూబీ భాషలో రాసింది. దాన్ని నడిపేది ప్యూమా. ఖాతాలు, లోపాల జాబితాలు, వ్యాఖ్యలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. కోడ్ మాత్రం డేటాబేస్‌లో ఉండదు, డిస్కు మీద గిట్ భాండాగారాలుగా ఉంటుంది. వాటిని చదివేది, రాసేది గిటాలీ. ఈమెయిల్ పంపడం వంటి పనుల కోసం వాడేవాణ్ణి కూర్చోబెట్టలేం గనుక వాటిని ఒక వరసలో పెట్టి తీరిగ్గా చేసేది సైడ్‌కిక్. ఆ వరసను యంత్రపు మెమరీలో నిలిపి ఉంచేది రెడిస్.

ఒకప్పుడు వీటన్నిటినీ విడివిడిగా తెచ్చి, ఒకదానికొకటి పరిచయం చేయాల్సి వచ్చేది. రూబీ ఒక వెర్షన్, డేటాబేస్ ఇంకో వెర్షన్ అయితే ఎక్కడ తేడా వచ్చిందో వెతకడానికే రోజు గడిచిపోయేది. ఈ బాధ తప్పించడానికే గిట్‌ల్యాబ్ బృందం అన్నిటినీ సరిపడే వెర్షన్లతో ఒకే ప్యాకేజీలో చుట్టి ఇస్తోంది. దాని పేరు ఆమ్నిబస్. ప్యాకేజీ మేనేజర్ దాన్ని దించుకునేటప్పుడు డిజిటల్ సంతకం సరిచూస్తుంది. దారిలో ఎవరైనా ఒక్క బైటు మార్చినా ఆ సంతకం కుదరదు, ఇన్‌స్టలేషన్ అక్కడితో ఆగిపోతుంది.

ప్యాకేజీ విప్పుకున్నాక యంత్రంలో ఏది ఎక్కడ చేరిందో చూడండి. ప్రోగ్రాములన్నీ 'ఆప్ట్' డైరెక్టరీ కిందికి వెళ్తాయి. సెట్టింగులు 'ఈటీసీ' కిందికి, వాడేవాళ్ళు పోగుచేసే సమాచారం 'వార్' కిందికి వెళ్తాయి. రోజువారీ సంఘటనల లాగ్ ఫైళ్ళు కూడా 'వార్' కిందే, వేరే గదిలో ఉంటాయి. యునిక్స్ లోకంలో చాలాకాలంగా నడుస్తున్న ఆనవాయితీ ఇది. డాకర్ కంటెయినర్‌గా నడిపినా ఇదే విభజన. ప్రోగ్రాములు కంటెయినర్ ఇమేజ్‌లో ఉంటాయి. సెట్టింగులు, లాగ్‌లు, డేటా అనే మూడింటిని మాత్రం బయటి డిస్కుకు కట్టిపెట్టమని చెబుతారు. అలా కట్టడం మరిచి కంటెయినర్‌ను తీసేసి కొత్తది పెడితే, ప్రోగ్రాములు మెరిసిపోతూ తిరిగొస్తాయి. సంస్థ ఏడాదిపాటు రాసుకున్నది మాత్రం కనిపించదు.

కోరిక రాసిన ఫైలు

సెట్టింగులను మొదట చూద్దాం. ఆరు ప్రోగ్రాములుంటే ఆరింటికీ వాటివాటి సెట్టింగుల ఫైళ్ళు ఉంటాయి, ఒక్కోదానిది ఒక్కో భాష. ఆమ్నిబస్ వీటన్నిటి మీదా ఒకే ఒక్క ఫైలును పెద్దగా కూర్చోబెట్టింది. ఆ ఫైలులో సర్వర్ చిరునామా ఇది, మెయిల్ ఇటునుంచి పోవాలి, బ్యాకప్‌లు ఇన్నాళ్ళు ఉంచాలి అని రాస్తాం. తర్వాత 'రీకాన్ఫిగర్' అనే ఆదేశం ఇస్తాం. లోపల ఉన్న షెఫ్ అనే సాధనం ఆ ఫైలు చదివి, మిగతా ఫైళ్ళన్నిటినీ తానే రాసి, అవసరమైన ప్రోగ్రాములను మళ్ళీ మొదలుపెడుతుంది.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. మనం ఆ ఫైలులో పనులు రాయలేదు, స్థితి రాశాం. 'ఈ డైరెక్టరీ సృష్టించు' అనలేదు, 'ఈ డైరెక్టరీ ఉండాలి' అన్నాం. 'సృష్టించు' అన్న ఆదేశాన్ని రెండోసారి ఇస్తే, అది ఇప్పటికే ఉందని యంత్రం మొరాయిస్తుంది. 'ఉండాలి' అంటే మాత్రం ఉందో లేదో చూసుకుని, లేకపోతేనే చేస్తుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం అదే. గణితంలో ఇలాంటివి మనకు తెలిసినవే. మైనస్ 7 పరమ మూల్యం 7; ఆ 7కి మళ్ళీ పరమ మూల్యం తీసినా 7 దగ్గరే ఉంటాం. ఈ గుణాన్ని ఇంగ్లీషులో ఐడెంపొటెన్స్ అంటారు. ఆ పేరు పెట్టింది అమెరికన్ గణితవేత్త బెంజమిన్ పియర్స్, 1870లో, బీజగణితం పనిలో ఉండగా. కంప్యూటర్ల సెట్టింగులకు ఈ ఆలోచనను తెచ్చిన తొలి సాధనాల్లో ఒకటి సీఎఫ్ఇంజిన్. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్గెస్ దాన్ని రాశారు.

ఈ గుణం వల్ల వచ్చే లాభం ఏమిటంటే, సగంలో కరెంటు పోయినా భయం లేదు, అదే ఆదేశాన్ని మళ్ళీ నడిపితే చాలు. యంత్రమే పోయినా, ఆ ఒక్క ఫైలు మిగిలితే కొత్త యంత్రాన్ని అచ్చం పాతదానిలా తీర్చిదిద్దవచ్చు. అయితే దీనికొక కట్టుబాటు ఉంది. తొందరలో ఎన్‌జినెక్స్ ఫైలులోకి నేరుగా వెళ్ళి ఒక వాక్యం మార్చామనుకోండి, ఆ పూటకు పని జరుగుతుంది. తర్వాతి రీకాన్ఫిగర్‌లో షెఫ్ ఆ ఫైలును తన లెక్క ప్రకారం తిరగరాస్తుంది. మన మార్పు చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. ఆర్నెల్ల తర్వాత ఒక సోమవారం సర్వర్ అడ్డం తిరిగితే, ఆ మార్పు ఎవరు చేశారో, ఎందుకు చేశారో చెప్పేవాళ్ళుండరు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఏ మార్పునైనా పెద్ద ఫైలులోనే రాస్తారు, ఆ ఫైలును కూడా గిట్‌లో పెట్టుకుని ఏ తేదీన ఏది ఎందుకు మారిందో నమోదు చేస్తారు.

పేరు, తలుపు, గుర్తింపు పత్రం

ఆ పెద్ద ఫైలులో మొదట రాసేది సర్వర్ చిరునామా. ఒక్క వాక్యమే, కానీ దాని వెనక రెండు పనులు ముందే జరిగి ఉండాలి. మొదటిది, ఆ పేరు ఏ ఐపీ చిరునామాకు చెందుతుందో డీఎన్ఎస్‌లో నమోదై ఉండాలి. రెండోది, బయటివాళ్ళు రావడానికి తలుపులు తెరిచి ఉండాలి. నెట్‌వర్క్‌లో పోర్టు సంఖ్యకు 16 బిట్లు కేటాయించారు కాబట్టి 65,535 దాకా పోర్టులుండవచ్చు. వాటిలో మనకు కావలసింది మూడే: మామూలు వెబ్‌కు 80, రహస్య సంకేతాలతో నడిచే వెబ్‌కు 443, ప్రోగ్రామర్లు కోడ్ పంపే ఎస్ఎస్‌హెచ్‌కు 22. మిగతావన్నీ ఫైర్‌వాల్‌తో మూసేయాలి. ముఖ్యంగా డేటాబేస్ పోర్టు బయటి లోకానికి కనిపించాల్సిన పని లేదు.

చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ అని రాస్తే, ఆమ్నిబస్ తనంతట తానే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థను సర్టిఫికెట్ అడుగుతుంది. 2015 డిసెంబరులో ఈ సంస్థ ఉచిత సర్టిఫికెట్లను అందరికీ తెరిచింది. మరి ఆ పేరు మనదేనని వాళ్ళకు ఎలా తెలుస్తుంది? వాళ్ళు ఒక సంకేతం ఇచ్చి, దాన్ని ఫలానా చిరునామాలో పెట్టమంటారు. తర్వాత బయటినుంచి వచ్చి, 80వ పోర్టు ద్వారా ఆ చిరునామాను తెరిచి చూస్తారు. సంకేతం కనిపిస్తే పేరు మన అధీనంలో ఉన్నట్టే. 'అంతా 443లోనే నడుస్తోంది కదా, 80 ఎందుకు' అని తర్వాత మూసేసిన చోట, సర్టిఫికెట్‌ను పునరుద్ధరించేటప్పుడు ఈ తనిఖీ విఫలమవుతుంది. ఆ విఫలత వెంటనే తెలియదు. ఈ సర్టిఫికెట్లకు 90 రోజుల ఆయుష్షు ఉంటుంది కాబట్టి, మూడు నెలల తర్వాత ఒక ఉదయం బ్రౌజర్లన్నీ ఎర్ర హెచ్చరిక చూపిస్తాయి.

మెయిల్ సెట్టింగులను చాలామంది 'తర్వాత చూద్దాం' అని వదిలేస్తారు. పాస్‌వర్డ్ మార్పు లింకులు, లోపాల మీద వ్యాఖ్యలు, అన్నిటికన్నా ముఖ్యంగా యంత్రం తనకు కష్టం వచ్చిందని చెప్పే సందేశాలు, ఇవన్నీ పోయేది మెయిల్ ద్వారానే. ఈ కాలంలో మెయిల్ సర్వర్లు ఎవరు పంపినా తీసుకోవు. పంపిన యంత్రానికి ఆ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కుందా, సంతకం సరైనదేనా అని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే పద్ధతుల్లో పరీక్షిస్తాయి. ఆ పరీక్ష తప్పిన మెయిల్ తిరస్కారానికి గురవుతుంది. పంపిన యంత్రానికేమో తాను పంపేశానన్న నిశ్చింత. ఈ చిన్న విషయం ఎంత ఖరీదైనదో కాసేపట్లో చూస్తాం.

తెచ్చుకోగలిగేదాన్ని మారుస్తూ ఉండాలి

ప్రోగ్రాములు పోతే మళ్ళీ దించుకోవచ్చు గనుక వాటి గురించి దిగులు పడనక్కర్లేదు. అయితే ఆ సౌలభ్యమే ఒక బాధ్యత తెచ్చిపెడుతుంది: మార్చాల్సి వచ్చినప్పుడల్లా మార్చాలి.

2021 ఏప్రిల్ 14న గిట్‌ల్యాబ్ ఒక భద్రతా ప్యాచ్ విడుదల చేసింది. లోపం గిట్‌ల్యాబ్ సొంత కోడ్‌లో పుట్టింది కాదు. ఎవరైనా ఫొటో అప్‌లోడ్ చేస్తే, అందులో దాగిన స్థలం, కెమెరా వంటి వివరాలను తీసేయడానికి ఎక్సిఫ్‌టూల్ అనే చిన్న సాధనాన్ని గిట్‌ల్యాబ్ వాడేది. ఆ సాధనం డెజావూ అనే అరుదైన ఫైలు రకాన్ని కూడా చదవగలదు. చదివేటప్పుడు ఆ ఫైలులోని అక్షరాలను సరిగా వడకట్టకుండా ప్రోగ్రాములా నడిపేసేది. కాబట్టి డెజావూ ఫైలుకు ఫొటో పేరు తగిలించి పంపితే, ఖాతా కూడా లేని ఎవరో అపరిచితుడు మన సర్వర్‌లో తనకిష్టమైన ఆదేశాలు నడపగలడు. తీవ్రతకు గరిష్ఠ మార్కులైన 10కి 10 ఈ లోపానికి పడ్డాయి.

ప్యాచ్ వచ్చిన ఆరు నెలల తర్వాత ర్యాపిడ్7 అనే భద్రతా సంస్థ ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే గిట్‌ల్యాబ్ సర్వర్లను పరిశీలించింది. సుమారు 60,000 కనిపించాయి. వాటిలో సగం అప్పటికీ ఆ ప్యాచ్ వేసుకోలేదు. ఈ సర్వర్లను నిలబెట్టినవాళ్ళలో చాలామంది ఎక్సిఫ్‌టూల్ పేరు కూడా విని ఉండరు. ఒక ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేశామంటే, అందులోని తెలిసిన, తెలియని ప్రోగ్రాములన్నిటి బాగోగులూ మన మీద పడినట్టే.

అలాగని పాత వెర్షన్ నుంచి సరాసరి కొత్తదానికి దూకడానికి వీల్లేదు. గిట్‌ల్యాబ్ కొత్త వెర్షన్ నెలకొకటి వస్తుంది. డేటాబేస్‌లోని పట్టికల రూపం కూడా వాటితోపాటు మారుతూ ఉంటుంది. పాత రూపంలోని సమాచారాన్ని కొత్త రూపంలోకి మార్చే పనులు కొన్ని వెర్షన్లలోనే ఉంటాయి. అందుకే దారిలో తప్పనిసరిగా ఆగాల్సిన మజిలీలుంటాయి. 17వ తరం నడుమ నుంచి వాటికి ఒక క్రమం పెట్టారు: ప్రతి తరంలోనూ 2, 5, 8, 11 సంఖ్యల దగ్గర ఆగాలి. ఆగిన చోట వెనకాల నడిచే మార్పిడి పనులు పూర్తయ్యేదాకా కదలకూడదు. కొత్త వెర్షన్ నచ్చకపోతే పాత ప్రోగ్రామును మళ్ళీ పెట్టడం సులువే. కానీ సమాచారం రూపం అప్పటికే మారిపోయింది. అది పాత ప్రోగ్రాముకు అర్థం కాదు. అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన బ్యాకప్ ఉంటేనే వెనక్కి దారి ఉంటుంది.

చిట్టా, ఆవర్జా

ఇక పోతే రానిదాని సంగతి. కోడ్ విషయంలో గిట్ మనకొక మేలు చేసింది. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ దీన్ని రూపొందించినప్పుడే, ప్రతి ప్రోగ్రామర్ యంత్రంలోనూ భాండాగారం చరిత్రంతా ఉండేలా తీర్చాడు. సర్వర్ బూడిదైనా ఎవరి ల్యాప్‌టాప్ నుంచో కోడ్‌ను తిరిగి పేర్చుకోవచ్చు. కానీ డేటాబేస్‌లో ఉన్నవి, అంటే ఫలానా లోపం ఎందుకు వచ్చిందన్న చర్చ, ఫలానా మార్పును ఎందుకు తిరస్కరించారన్న వివరణ, ఎవరికి ఏ హక్కులున్నాయన్న జాబితా, ఇవి ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ లేవు.

మరి డేటాబేస్ ఫైళ్ళను రోజూ వేరే డిస్కుకు కాపీ చేస్తే సరిపోదా? సరిపోదు. 300 జీబీ కాపీ కావడానికి సమయం పడుతుంది, ఈలోగా జనం వాడుతూనే ఉంటారు. మొదటి ఫైలు పది గంటలప్పటిది, చివరి ఫైలు పదింబావుది అయితే, ఆ కాపీ ఏ క్షణానికీ చెందనిదవుతుంది. ఒక పట్టికలో వ్యాఖ్య ఉంటుంది, దాన్ని రాసిన మనిషి ఇంకో పట్టికలో ఉండడు.

పోస్ట్‌గ్రెస్ దీనికి రెండు మార్గాలు చూపిస్తుంది. 1986లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ పరిశోధన నుంచి ఎదిగిన డేటాబేస్ ఇది. ఒక వరసను మార్చినప్పుడు ఇది పాతదాని మీద కొట్టి రాయదు. పాతదాన్ని అలాగే ఉంచి కొత్తదాన్ని పక్కన రాస్తుంది, ఎవరికి ఏది కనిపించాలో గుర్తు పెట్టుకుంటుంది. కాబట్టి డంప్ తీసే, అంటే డేటాబేస్‌లోని సమాచారమంతటినీ ఫైలుగా రాసిపెట్టే సాధనం పది గంటలకు పని మొదలుపెడితే, గంటసేపు నడిచినా దానికి పది గంటల నాటి లోకమే కనిపిస్తుంది. డంప్ అంతా ఒక్క క్షణపు చిత్రంగా వస్తుంది.

రెండో మార్గం మన పాత దుకాణాల లెక్కల పద్ధతే. వ్యాపారి ఏ లావాదేవీనైనా ముందు చిట్టాలో వరసగా రాసుకుంటాడు, తర్వాత తీరిగ్గా ఆవర్జాలో ఆయా ఖాతాలకు ఎక్కిస్తాడు. పోస్ట్‌గ్రెస్ కూడా ప్రతి మార్పునూ ముందు చిట్టాలో రాసి డిస్కుకు చేర్చాకే 'సరే' అంటుంది. పట్టికలు తర్వాత మారతాయి. నడుమ కరెంటు పోతే చిట్టా చూసి మిగతా లెక్క ఎక్కిస్తుంది. ఆ చిట్టా పుటలను పారేయకుండా వేరేచోట దాచామనుకోండి, నిన్న రాత్రి తీసిన ఆవర్జా ప్రతి మీద వాటిని వరసగా ఎక్కిస్తూ పోయి, ప్రమాదానికి సరిగ్గా నిమిషం ముందు ఆపవచ్చు. అదే చిట్టాను ఎప్పటికప్పుడు రెండో యంత్రానికి పంపితే అక్కడ ఒక జంట డేటాబేస్ తయారవుతుంది. మొదటిది పడిపోతే రెండోది అందుకుంటుంది.

అయితే జంట వేరు, బ్యాకప్ వేరు. 2013 మార్చిలో కేడీఈ అనే డెస్క్‌టాప్ ప్రాజెక్టుకు ఈ తేడా తెలిసొచ్చింది. అప్పుడు వాళ్ళ ప్రధాన గిట్ సర్వర్‌లో దాదాపు 1,500 భాండాగారాలున్నాయి. భద్రతా అప్‌డేట్ల కోసం యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపేసరికి ఫైల్ వ్యవస్థ పాడై ఉంది. వేరే చోట్ల దాని ప్రతిబింబాలున్నాయి కదా అని ధైర్యం చెప్పుకునే వీల్లేకపోయింది. ఆ ప్రతిబింబాలు తమ పని తాము నమ్మకంగా చేశాయి: అసలు సర్వర్‌లోని చెడిపోయిన జాబితాను చదివి, అందులో లేని భాండాగారాలను తమ దగ్గరా తుడిచేశాయి. కొత్తగా సిద్ధం చేస్తున్న మరో యంత్రంలో చెడిపోని ప్రతి ఒకటి మిగలడంతో ప్రాజెక్టు బయటపడింది. ప్రతిబింబం యంత్రం చావు నుంచి కాపాడుతుంది. తప్పుడు తుడుపును మాత్రం తనూ అంతే వేగంగా తుడుస్తుంది.

2017 జనవరి 31

ఇప్పటిదాకా చెప్పుకున్న ముక్కలన్నీ ఒకే రాత్రి ఒకచోట కలిశాయి. అదీ గిట్‌ల్యాబ్ కంపెనీ తనే నడిపే గిట్‌ల్యాబ్ డాట్ కామ్‌లో.

ఆ రోజు సాయంత్రం నుంచి స్పామ్ ఖాతాల తాకిడితో డేటాబేస్ మీద భారం పెరిగింది. జంట యంత్రం వెనకబడింది. అది చదవాల్సిన చిట్టా పుటలను ప్రధాన యంత్రం అప్పటికే పారేసింది. వాటిని విడిగా దాచే ఏర్పాటు లేదు. ఇక జంటను మొదటినుంచి తయారు చేయడమే దారి. కానీ ప్రతి తీసే సాధనం ఏ సందేశమూ ఇవ్వకుండా నిలబడిపోయినట్టు కనిపించింది. నిజానికి అది ప్రధాన యంత్రం సిద్ధమవడానికి ఎదురుచూస్తోంది. జంట యంత్రపు డైరెక్టరీలో పాత ఫైళ్ళేవో అడ్డుపడుతున్నాయేమోనని ఒక ఇంజినీరు దాన్ని తుడిచే ఆదేశం ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించాడు: తాను కూర్చున్నది జంట యంత్రం ముందు కాదు, ప్రధాన యంత్రం ముందు. ఆదేశాన్ని ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. మన గడియారంలో అది ఫిబ్రవరి 1, తెల్లవారుజామున ఐదు గంటలు కావస్తున్న సమయం.

బ్యాకప్‌ల వైపు చూశారు. రోజూ తీసే డంప్‌లు చేరాల్సిన క్లౌడ్ నిల్వ ఖాళీగా ఉంది. డేటాబేస్ 9.6 వెర్షన్‌లో ఉంటే, డంప్ తీసే సాధనం 9.2గా నడుస్తూ తప్పు చూపి ఆగిపోయేది. ఆ వైఫల్యం గురించి మెయిల్ పోవాలి. పోయింది కూడా. కానీ ఆ మెయిళ్ళకు డీమార్క్ సరిగా కుదరక, అందుకునే సర్వర్ వాటిని తిరస్కరించింది. క్లౌడ్ సంస్థ ఇచ్చే డిస్కు స్నాప్‌షాట్లు ఫైల్ సర్వర్లకు పెట్టారు, డేటాబేస్ సర్వర్లకు పెట్టలేదు. జంట డేటాబేస్ అంతకుముందే తుడుచుకుపోయింది. చివరికి మిగిలింది ఒక్కటే: పరీక్షల కోసం ఆరు గంటల క్రితం ఒక ఇంజినీరు చేత్తో తీసిన స్నాప్‌షాట్. అది బ్యాకప్ అనుకుని తీసింది కాదు. అది ఉన్న డిస్కు నెమ్మదైనది, కాపీ కావడానికే దాదాపు 18 గంటలు పట్టింది. ఈ పనంతటినీ బృందం యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, తర్వాత కారణాలన్నీ దాచకుండా ప్రచురించింది.

గిట్ భాండాగారాలకు ఏమీ కాలేదు. ఆ ఆరు గంటల్లో డేటాబేస్‌లో చేరినవి పోయాయి: సుమారు 5,000 ప్రాజెక్టుల నమోదులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు. సొంత యంత్రాల మీద గిట్‌ల్యాబ్ నడుపుకునేవాళ్ళకు ఈ ప్రమాదంతో సంబంధం లేదు. పాఠం మాత్రం వాళ్ళకూ వర్తిస్తుంది.

చాలామంది ఈ కథను చేయి జారిన ఇంజినీరు కథగా చెబుతారు. చేయి జారడం ఎవరికైనా జరుగుతుంది. ఏ యంత్రం ముందున్నామో కొట్టొచ్చినట్టు కనిపించేలా ఆదేశాల తెరను మార్చాలని ఆ తర్వాత వాళ్ళు నిర్ణయించుకున్నారు. మంచిదే, కానీ అసలు దెబ్బ అక్కడ లేదు. ఇన్ని రక్షణలు ఉన్నాయని అందరూ నమ్మారు. వాటి నుంచి ఏదైనా తిరిగి వస్తుందా అని ఎవరూ రప్పించి చూడలేదు. రోజూ డంప్ వైఫల్యం చెందుతూ ఉన్నా, సర్వర్ నిక్షేపంగా నడుస్తూనే ఉంది. బ్యాకప్ చెడిపోయిందని సర్వర్ నడక చూసి తెలుసుకునే మార్గం లేదు.

ఇన్‌స్టలేషన్ ఎప్పుడు పూర్తయినట్టు

సొంత గిట్‌ల్యాబ్‌కు బ్యాకప్ తీయడం ఒక్క ఆదేశంతో అయిపోతుంది. డేటాబేస్, భాండాగారాలు, జతచేసిన ఫైళ్ళు అన్నీ ఒక మూటగా వస్తాయి. ఆ మూటలో లేనిదేమిటో చాలామంది గమనించరు: 'ఈటీసీ' కింద ఉన్నదేదీ అందులోకి రాదు. పెద్ద సెట్టింగుల ఫైలూ రాదు, దాని పక్కనే ఉండే రహస్యాల ఫైలూ రాదు. కావాలనే అలా చేశారు. డేటాబేస్‌లోని కొన్ని గుట్టులు, అంటే రెండంచెల లాగిన్ తాళాలు, ఇతర సర్వర్ల పాస్‌వర్డ్‌ల వంటివి, రహస్య సంకేతాల్లో రాసి ఉంటాయి. వాటిని విప్పే తాళంచెవి ఆ రహస్యాల ఫైలులో ఉంది. తాళాన్నీ చెవినీ ఒకే మూటలో కడితే, మూట దొంగిలించినవాడికి అన్నీ అందినట్టే. కాబట్టి రెండింటినీ వేర్వేరు చోట్ల దాచుకోవడం నిర్వాహకుడి పని. ఆ చిన్న ఫైలును దాచడం మరిస్తే, డేటాబేస్ మొత్తం భద్రంగా తిరిగొచ్చినా రెండంచెల లాగిన్ పెట్టుకున్నవాళ్ళు లోపలికి రాలేరు.

బ్యాకప్‌లను ఎన్నిచోట్ల ఉంచాలన్నదానికి ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇప్పటికీ చెల్లుతుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఊరికి దూరంగా. దీనికి ముందు సంస్థలో పెద్దలను రెండు ప్రశ్నలు అడగాలి. ఎన్ని గంటల పని పోతే భరించగలం? ఎన్ని గంటలు సర్వర్ లేకుండా ఉండగలం? 2017లో మొదటిదానికి జవాబు ఆరు గంటలుగా, రెండోదానికి 18 గంటల పైగా తేలింది, ఎవరూ అలా నిర్ణయించకుండానే. రోజుకొక డంప్ చాలా, లేక చిట్టా పుటలు కూడా దాచాలా అన్నది ఈ జవాబులను బట్టే తేలుతుంది.

ఆ తర్వాత చేయాల్సింది ఒక ఖాళీ యంత్రాన్ని తెచ్చుకోవడం. దాని మీద అదే వెర్షన్, అదే కూర్పు గిట్‌ల్యాబ్ ఎక్కించాలి. వెర్షన్ తేడా ఉంటే బ్యాకప్ మూట విప్పడానికి అది ఒప్పుకోదు. సెట్టింగుల ఫైలు, రహస్యాల ఫైలు వాటి చోట పెట్టి రీకాన్ఫిగర్ చేయాలి. ఎవరికీ మెయిళ్ళు పోకుండా ముందే కట్టడి చేయాలి, లేకపోతే నకలు సర్వర్ నుంచి ఉద్యోగులందరికీ పాత సందేశాలు వెళ్తాయి. అప్పుడు మూట విప్పి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోవాలి. చివరగా, రెండంచెల లాగిన్ వాడే సహోద్యోగిని పిలిచి లోపలికి వెళ్ళమనాలి, నిన్నటి చర్చ ఒకటి తెరిచి చివరి వ్యాఖ్య చదవమనాలి. ఆ లాగిన్ పేజీ వచ్చిందంటే ప్రోగ్రాములు, సెట్టింగులు కుదిరాయన్నమాట. ఫోన్‌లోని ఆరంకెల సంఖ్యను అది ఒప్పుకుందంటే రహస్యాల ఫైలు సరైనదే. వ్యాఖ్య కనిపించిందంటే డేటాబేస్ వచ్చింది.

ఈ పరీక్ష నెగ్గిన తేదీనే ఇన్‌స్టలేషన్ పూర్తయిన తేదీగా రిజిస్టరులో రాసుకోవాలి. వెర్షన్ మారినప్పుడల్లా ఆ తేదీకి కాలం చెల్లుతుంది, పరీక్ష మళ్ళీ పెట్టాల్సిందే.